ముగ్గురికీ కలిపి ఒక నిద్ర

లియోన్ నగరంలోని లీసే మోంతురే అనే కళాశాలలో ప్రవేశ పరీక్షల తరగతికి చేరిన విద్యార్థులను మొదటి రోజునే ముగ్గురేసి చొప్పున జట్లు కట్టి, ఒక్కో జట్టుకు ఒక్క నిద్ర మంజూరు చేస్తారు. ముగ్గురిలో ఎవరు పడుకున్నా ముగ్గురికీ నిద్ర తీరుతుంది. ఇదేమీ కొత్తగా పెట్టిన పద్ధతి కాదు, తరాలుగా నడుస్తున్నదే. దేశంలో వంతెనలు కట్టినవాళ్లూ, రైళ్లు సకాలానికి నడిపేవాళ్లూ ఈ పద్ధతిలో చదివి పైకొచ్చినవాళ్లేనని కళాశాలవారు గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం ఉత్తదని ఎవరూ అనలేరు. వంతెనలు నిలబడే ఉన్నాయి.

ఫ్రాన్సులో ఇంటర్ వంటి చదువు ముగిశాక పెద్ద ఇంజనీరింగ్ విద్యాలయాల్లో సీటు కావాలంటే రెండేళ్లు ఇలాంటి తరగతిలో కూర్చుని, ఆపైన దేశమంతా రాసే పోటీ పరీక్ష రాయాలి. మన కోచింగు హాస్టళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. మన దగ్గర ఎవరి నిద్ర వాళ్లే పోగొట్టుకుంటారు. అక్కడ అందుకో విభాగం ఉంది.

ఆ నిద్రల విభాగం గ్రంథాలయం పక్కన, శబ్దం రాని గదిలో ఉంటుంది. దానికి అధికారి మొస్యు బర్జోన్. మనిషి మెత్తగా మాట్లాడతాడు, మెత్తని చెప్పులేసుకుని తిరుగుతాడు. యానాం నుంచి వచ్చిన చిక్కాల మృదుల పెట్టె పట్టుకుని ఆయన ముందు నిలబడేసరికి, ఆమెతో జట్టు కట్టాల్సిన ఇద్దరూ అప్పటికే వచ్చి ఉన్నారు. సొలెన్ సముద్రతీరపు ఊళ్లో నోటరీ కూతురు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. బాస్టియన్ కొండ ప్రాంతంలో పాడి రైతు కొడుకు. చేతులు పెద్దవి, మాట చిన్నది.

"మీ ముగ్గురికీ కలిపి ఇది," అంటూ బర్జోన్ ఒకే ఒక్క దిండు బల్లమీద పెట్టాడు.

"దుప్పటో?" అంది సొలెన్.

"దుప్పటి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నిబంధన."

పడకగది పగలే తెరిచి ఉంటుంది. రాత్రుళ్లు చదువుకోవడానికి కావాలి కనుక వాటిని నిద్రకు వృథా చేయరు. పాఠాలు జరిగే వేళ జట్టులో ఒకరు వెళ్లి పడుకుంటారు, మిగతా ఇద్దరూ పాఠం విని సాయంత్రం ఆ మూడో మనిషికి చెబుతారు. చెప్పినవాడికి చదువు రెండుసార్లు వస్తుందన్నది పాత మాటే కదా. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెత పుట్టించినవాడు ఈ కళాశాలలో చదివి ఉండడు. ఇక్కడ నిద్ర సుఖం ఎరుగుతుంది, ఎవరి సుఖం అన్నదే కాస్త విచారించుకోవాలి.

మృదుల తాత ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు. అందువల్ల ఇంటిల్లిపాదికీ ఫ్రెంచి పౌరసత్వం ఉంది. పిల్ల పుదుచ్చేరిలో మేనమామ ఇంట ఉండి ఫ్రెంచి బళ్లో చదివింది, లెక్కల్లో అందరినీ మించింది. ఆమెకు కావలసింది ఒక్కటే, లియోన్ తరగతి దాటి ఆ పెద్ద విద్యాలయంలో అడుగు పెట్టడం. చిన్నప్పుడు గోదావరి పాయ మీద వంతెన కడుతుంటే గట్టున నిలబడి చూసిన పిల్ల ఆమె. అటు నుంచి ఒక సగం, ఇటు నుంచి ఒక సగం వచ్చి నడిమధ్యన అతుక్కున్నప్పుడు ఆమె ఒళ్లు గగుర్పొడిచింది. ఆ గగుర్పాటు మళ్లీ కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

మొదటి వారంలోనే తల్లి అరుణకుమారి ఫోన్ చేసింది.

"ఏం అమ్మలూ, పడుకున్నావా?"

"సొలెన్ పడుకుందమ్మా."

"ఆ పిల్ల సంగతి కాదే, నిన్ను అడుగుతున్నా."

"నాక్కూడా అయిపోయింది. ముగ్గురికీ కలిపి ఒకటే."

అరుణకుమారికి అప్పుడు వెలిగింది. "ఓసి నీ అసాధ్యం కూలా, అదా! మన పురాణంలో మొగుడి నిద్ర తను పుచ్చుకున్న ఇల్లాలు లేదూ, అలాగన్నమాట. మరి తిండో? తిండి ఎవరిది వాళ్లే తింటన్నారా?"

తిండి ఎవరిది వాళ్లదేనని తెలిశాక ఆమె మనసు కుదుటపడింది.

చదువు మాత్రం చదువే, అందులో వేళాకోళం లేదు. లెక్కలు చెప్పే మదామ్ వెర్దియే బోర్డు నింపి, చొక్కా చేత్తోనే తుడిచేసి, మళ్లీ నింపేది. జ్వరం వస్తే మెడకో శాలువా చుట్టుకుని వచ్చేది. ఒక్కోసారి గంటసేపు నడిచిన వాదన చివర్లో ఒక్క గీతకు వచ్చి నిలిచేది. అప్పుడు తరగతిలో ఎవరూ ఊపిరి తీసేవారు కాదు. మృదులకు వంతెన గుర్తొచ్చి కళ్లు చెమర్చేవి. అలాంటి గురువు దొరకడం పూర్వజన్మ సుకృతమని ఆమె అప్పుడూ అనుకుంది, ఇప్పుడూ అనుకుంటుంది.

వారానికోసారి ముగ్గురినీ ఒకే బోర్డు ముందు నిలబెట్టి నోటి పరీక్ష చేస్తారు. తొలిసారి మృదులకు ఇరవైకి నాలుగు వచ్చాయి. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నప్పుడు ఆ రెండూ ఏమయ్యాయని అడిగిన ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. మొహం మాడిపోయింది.

"నాలుగు చాలా బావుంది," అంది మదామ్ వెర్దియే. నిజంగానే అంది. ఆ తరగతిలో ఎనిమిది వస్తే పండగ, పది వస్తే పుకారు.

ముగ్గురి నిద్రలూ మూడు రకాలు. సొలెన్ కదలకుండా, గీత గీసినట్టు పడుకునేది, ఆ రోజు ముగ్గురికీ మెడలు పట్టేసేవి. మృదుల నిద్రలో తెలుగు మాట్లాడేది. ఆ రోజుల్లో సొలెన్‌కు ఎర్రగా, పుల్లగా, నూనెలో తేలుతూ ఉండే ఏదో తినాలని నాలుక పీకేది. అదేమిటో ఆమెకు తెలియదు. ఒకసారి నోటి పరీక్షలో పరీక్షకుడు "ఈ మెట్టు సరైనదేనా?" అని అడిగితే బాస్టియన్ అచ్చం గోదావరి మనిషిలా చేతులు కట్టుకుని "ఆయ్" అన్నాడు. పరీక్షకుడు అదేదో తను మరిచిపోయిన సిద్ధాంతం పేరనుకుని మార్కు వేశాడు.

కానీ నిద్ర అంటే బాస్టియన్‌దే. గోదావరి జిల్లాల్లో ఆదమరిచి నిద్రపోవడం అంటారే, అది. అతను పడుకున్న రోజున మిగతా ఇద్దరి కళ్లూ వాన కడిగిన ఆకుల్లా ఉండేవి. క్రితం రోజు ముడిపడిన లెక్క తనంతట తనే విడిపోయేది. పైగా జ్యామితి అతనికి కొట్టిన పిండి. కొండవాలు మీద ఆవుల్ని మళ్లించుకుంటూ పెరిగినవాడు కనుక ఏ గీత ఎటు వాలుతుందో చూడగానే చెప్పేసేవాడు. ఆ విషయంలో మృదుల అతని ముందు దిగదుడుపే. అది ఆమెకు తెలుసు.

రెండో ఏడు సగంలో మొస్యు బర్జోన్ జట్లన్నిటినీ పిలిపించాడు. వంతులవారీ నిద్ర పోటీ పరీక్షకు పనికిరాదని, ఇకనుంచి ప్రతి జట్టులో ఒకరే స్థిరంగా నిద్రపోవాలని, పరీక్షలు ముగిసేదాకా లేవకూడదని చెప్పాడు.

"ఎవరు పడుకోవాలి?" అని అడిగింది సొలెన్.

"అది మేం చెప్పం. మీలో మీరు స్వేచ్ఛగా నిర్ణయించుకోవాలి. సాయంత్రంలోగా."

"నేను పడుకుంటా," అన్నాడు బాస్టియన్. "నాకు పడుకోవడం వచ్చు."

మృదులకు ముందు హమ్మయ్య అనిపించింది. సిగ్గు తర్వాత వేసింది. ఆ రెంటి మధ్యా ఎంత వ్యవధి ఉందో ఆమె ఎవరికీ చెప్పలేదు. వాడు పడుకుంటే పరీక్ష రాయలేడు. రాయనివాడికి సీటు రాదు. తనకన్నా బాగా వచ్చినవాడి నిద్ర మీద ఎక్కి తను గట్టు దాటడమేమిటని ఆమె మనసు పీకింది. నిబంధనల్లో ఏదైనా దారి ఉందేమోనని వెతికింది. ఉంది. నిద్రపోయే మనిషి విద్యార్థే కానక్కర్లేదు, పౌరసత్వం ఉన్న రక్తసంబంధీకులు ఎవరైనా సరే.

"నిద్రేగా!" అంది అరుణకుమారి ఫోన్‌లో. "అదేవన్నా ఘనకార్యమా? మీరు ముగ్గురూ శుభ్రంగా చదూకోండి, నేను పడుకుంటా. ఆ అబ్బాయిక్కూడా చెప్పు, పిన్నిగారు చూసుకుంటారని."

యానాంలో ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. మృదుల తండ్రి కొత్త పరుపు తెచ్చాడు. గుమ్మానికి నీలం తెర కట్టాడు. వీధిలో అందరికీ చెప్పి వచ్చాడు. భోజనాలయ్యాక అరుణకుమారి జడ ముడేసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, బాధ్యతగా పడుకుంది. యానాంలో మధ్యాహ్నం అంటే లియోన్‌లో ఉదయం. అక్కడ మదామ్ వెర్దియే నమూనా పరీక్ష కాగితాలు పంచుతోంది.

లెక్క ఎక్కడ తప్పిందంటే, ఆమె కళ్లు మూసుకోవడం వేరు, నిద్రపోవడం వేరు అన్నది ఎవరూ ఆలోచించలేదు. అరుణకుమారి పెళ్లయిన దగ్గర్నుంచి రెండు చెవులూ మూసి పడుకున్న మనిషి కాదు. పక్కింటావిడ కరివేపాకు కోసం గేటు తీసింది. "ఎవరదీ?" అంటూ ఆమె సగం లేచింది. లియోన్‌లో ముగ్గురు పిల్లలు కలాలు పట్టుకుని కుర్చీల్లోంచి సగం లేచారు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ముగ్గురికీ చెమట పట్టింది. రొయ్యలమ్మే మంగాయమ్మ వీధి చివర కేక వేసింది, వాళ్లు ముగ్గురూ తలుపు వైపు చూశారు. పొయ్యి మీద పాలు పెట్టి కట్టేశానా లేదా అని అరుణకుమారికి అనుమానం వచ్చిన క్షణాన, ఎన్నడూ పాలు కాచి ఎరగని సొలెన్ పరీక్ష మధ్యలో లేచి, ఆదుర్దాగా నడవాలోకి పరుగెత్తి చూసి వచ్చింది.

జట్టు మొత్తం తరగతిలో అడుక్కి పోయింది. మొస్యు బర్జోన్ విచారించి, ఏ మాత్రం కోపం లేకుండా తీర్పు చెప్పాడు.

"మీ అమ్మగారి నిద్రను పరీక్షించాం. అందులో నిద్ర పాలు చాలా తక్కువ. మిగతాదంతా కాపలా. నా ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు. ఆవిడకు మా నమస్కారాలు చెప్పండి. దరఖాస్తు తిరస్కరిస్తున్నాం."

అరుణకుమారి ఫోన్‌లో ఏడ్చేసింది. "ఒక్క పని అడిగావు, అదీ నా చేత కాలేదు. పడుకోవడం కూడా రాని మొద్దునైపోయానే." మృదుల ఎంత సముదాయించినా ఊరుకోలేదు. తల్లికి ఏం రాదో ఆ రోజున తెలిసింది కూతురికి. ఎందుకు రాదో కూడా తెలిసింది.

బాస్టియన్ దిండు తీసుకుని పడకగదిలోకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ "సాయంత్రాలు పాఠం చెబుతూ ఉండండి, వినపడకపోయినా," అన్నాడు.

చెప్పారు. ఆ మాట మాత్రం తప్పలేదు. ప్రతి సాయంత్రం మృదుల అతని మంచం పక్కన కూర్చుని ఆ రోజు జ్యామితి చదివేది, సొలెన్ భౌతిక శాస్త్రం చదివేది. అతను నిద్రలోనే ఒక్కోచోట నవ్వేవాడు. నవ్విన చోటల్లా వాళ్ల తప్పుందని కొన్నాళ్లకు కనిపెట్టారు. ఇద్దరూ రేయింబవళ్లు చదివినా అలసట అంటే ఏమిటో మరిచిపోయారు. మృదులకు ఎప్పుడూ చూడని కొండ ఒకటి తెలిసిపోయింది. ఆవుల పేర్లు కూడా వచ్చేశాయి.

పోటీ పరీక్ష పెద్ద హాల్లో జరిగింది. పేరు నమోదైన ప్రతివాడూ హాజరు కావాలి కనుక బాస్టియన్ కూడా వచ్చాడు, కళ్లు మూసుకుని, సొలెన్ భుజం మీద చెయ్యి వేసుకుని. బల్లమీద దిండు పెట్టుకుని తల వాల్చాడు. హాలంతా అంతే. ప్రతి మూడో బల్ల మీద ఒక తల వాలి ఉంది. పర్యవేక్షకులు చప్పుడు కాకుండా నడుస్తూ, నిద్రపోతున్నవాళ్ల ప్రశ్నపత్రాలు దిండ్ల కింద జాగ్రత్తగా దోపారు. ఒకామె తన స్వెట్టరు తీసి ఎవరికో కప్పింది. అంత మర్యాద ఏ పరీక్ష హాల్లోనూ కనపడదు.

చివరి ప్రశ్న జ్యామితి. మృదుల దాన్ని నాలుగుసార్లు చదివింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ ప్రశ్న బాస్టియన్ కోసమే పుట్టింది. పక్క బల్ల మీద అతని చెయ్యి వేలాడుతూ ఉంది, తను చెయ్యి చాస్తే అందుతుంది. తడితే లేస్తాడు. లేస్తే చూడగానే రాసేస్తాడు, సీటు కొట్టేస్తాడు. కానీ జట్టుకు నిద్ర తెగిపోతుంది. నెలల తరబడి పోని నిద్ర అంతా తన మీదా సొలెన్ మీదా ఒక్కసారిగా కూలుతుంది. సొలెన్ రెండు వరసల అవతల తల ఎత్తకుండా రాస్తోంది.

మృదుల చెయ్యి చాచింది. వేళ్లు అతని వేళ్ల దాకా వెళ్లాయి.

సరిగ్గా అప్పుడే కొండవాలు కనిపించింది. ఆవులు రెండు దారుల్లో దిగి వచ్చి ఒకే నీటి తొట్టి దగ్గర కలిశాయి. ఆ గీత ఎక్కడ గీయాలో ఆమెకు తెలిసిపోయింది. అది తన ఆలోచన కాదని కూడా తెలిసింది. అతన్ని లేపితే కల చెదురుతుంది, కల చెదిరితే గీత పోతుంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని రాయడం మొదలుపెట్టింది. రాస్తున్నంతసేపూ ఒళ్లు గగుర్పొడుస్తూనే ఉంది. అటు సగం, ఇటు సగం వచ్చి నడిమధ్యన అతుక్కున్నాయి. పైన తన పేరు రాసింది.

ఇద్దరికీ సీట్లు వచ్చాయి. మృదులది ఆ ఏటి మంచి ర్యాంకుల్లో ఒకటి. మదామ్ వెర్దియే ఆమెను కావలించుకుని, "ఆ జ్యామితికి నేనైతే పదహారు వేసేదాన్ని," అని, అంత పెద్ద అంకె తన నోట వచ్చినందుకు తనే తత్తరపడింది. యానాంలో తండ్రి వీధంతా తాపేశ్వరం కాజాలు పంచాడు.

బాస్టియన్‌కు అన్యాయమేమీ జరగలేదు. ఆ పెద్ద విద్యాలయం నిద్రపోయినవాళ్లను గాలికి వదిలేయదు. విజేతలతోపాటే వాళ్లనూ శాశ్వత ఉద్యోగంలోకి తీసుకుంటుంది. తోటవైపు గది, జీతం, పింఛను ఇస్తుంది. తమ జట్టులో పట్టా పుచ్చుకున్న ఇంజనీర్లు ఉద్యోగం చేసినంత కాలం వాళ్ల తరఫున పడుకోవడమే పని. బాస్టియన్ తండ్రి వ్యానులో జున్ను దిమ్మ వేసుకుని వచ్చి, కొడుకుకు సర్కారు కొలువు దొరికిందని అందరి చేతులూ ఊపేశాడు.

ఉద్యోగపు కాగితం మీద సంతకం కోసం బాస్టియన్‌ను కాసేపు లేపారు.

"చివరి ప్రశ్న ఏమొచ్చింది?" అన్నాడు మృదులతో. ఆమె చెప్పింది.

"ఆహా. అది నేను రాస్తున్నట్టు కలొచ్చింది. రాశావా?"

"రాశాను."

"బాగా రాశావా?"

"బాగా రాశాను బాస్టియన్."

"అయితే మంచిదే," అని ఆవులించాడు. ఆ ఆవులింతకే ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

మృదుల ఇప్పుడు పేరున్న ఇంజనీరు. ఆమె కట్టిన వంతెనలు మూడు దేశాల్లో ఉన్నాయి. అవి చూసినవాళ్లు నోరు తెరిచి నిలబడతారు, నిలబడాల్సినవే. ఆమె అలసిపోగా చూసినవాళ్లు లేరు. పత్రికల వాళ్లు ఆ రహస్యం అడిగితే క్రమశిక్షణ అంటుంది. అబద్ధం కాదు.

ఈమధ్య యానాం వచ్చినప్పుడు, వంటింట్లో పీట వేసుకుని కూర్చున్న కూతురిని అరుణకుమారి ఎగాదిగా చూసింది. అంత ప్రయాణం చేసి వచ్చినా మొహంలో నలుగుడు లేదు.

"పడుకున్నావా అమ్మలూ?"

"పడుకున్నాడమ్మా."

తల్లి చేతిలోని బీన్సు తుంచి గిన్నెలో వేసింది.

"మరి ఆ పిల్లాడి బదులు మెలకువగా ఎవరుంటన్నారే?"

"నేనే కదమ్మా," అంది మృదుల.

అరుణకుమారి ఆ జవాబును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అందులో తప్పు పట్టడానికి ఆమెకేమీ దొరకలేదు. లేచి వెళ్లి, కుక్కరు ఈల వేయబోతుంటే పొయ్యి కట్టేసింది. అప్పుడే గేటు దగ్గర మంగాయమ్మ రొయ్యల బుట్ట దించి కేక వేయబోయింది. అరుణకుమారి వాకిట్లోకి పరుగెత్తి పెదాల మీద వేలు పెట్టింది.

"ష్. పిల్లాడు పడుకున్నాడు."

ఏ పిల్లాడని మంగాయమ్మ అడగలేదు. ఎక్కడ పడుకున్నాడనీ అడగలేదు. గొంతు తగ్గించి, "ఎంత ఇవ్వమంటారండీ?" అంది.